బైలదిల్లా మట్టి వెళ్ళిన ఊరు

జపాన్ పంపిస్తున్నారని చెప్పగానే అందరూ అడిగింది ఒకటే, టోక్యోనా ఒసాకానా అని. కితాక్యూషూ అంటే ఇంకోసారి చెప్పమనేవారు. 2015 జులైలో బయల్దేరేటప్పటికి ఆ ఊరి గురించి నాకు తెలిసిందీ తక్కువే. అప్పట్లో శ్రీసిటీలో కొత్తగా మొదలవుతున్న ఒక ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. మేం కొంటున్న రోబో వెల్డింగ్ లైను కితాక్యూషూలో తయారవుతోంది. దాన్ని ఓడ ఎక్కించే ముందే మన రేకుతో, మన డ్రాయింగుల ప్రకారం వెల్డింగ్ చేయించి చూసి, బాగుందని సంతకం పెట్టి రావాలి. వెళ్ళింది ఆ పనికే. ఇన్నేళ్ళ తర్వాత ఆ వేసవి తలుచుకుంటే లైను కంటే ముందు ఊరే గుర్తొస్తోంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. లేకపోతే ఆ ఊరు నాకెందుకు అంత దగ్గరైందో అర్థం కాదు. మా నాన్న కేకే లైన్లో గూడ్స్ గార్డు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఉండే ఆ లైను ఇప్పుడు చాలామందికి అరకు రైలుగానే తెలుసు. సొరంగాలు, లోయలు, అద్దాల పెట్టె. రైల్వే కాలనీలో పెరిగిన మాకు మాత్రం అది ఓర్ బళ్ళ లైను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం విశాఖ రేవుకి రావడానికే దాన్ని వేశారు. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో ఖనిజం ఒప్పందం కుదిరింది కాబట్టే ఆ కొండల్ని తొలిచి యాభై ఎనిమిది సొరంగాలు తీశారు. ఇంకా పెద్ద ఓడలు రావాలని 1976లో విశాఖలో ఔటర్ హార్బర్ తెరిచారు. "మన ఖనిజం జపాన్ వెళ్తుందిరా" అని నాన్న చిన్నప్పుడు చెప్తుంటే జపాన్ అంటే సముద్రంలో కనిపించే ఆ ఓడల అవతలే ఉంటుందనుకునేవాణ్ణి.

గార్డులకి తెల్ల యూనిఫాం. ఎర్రటి ఖనిజం నింపిన బండికి చిట్టచివర, బ్రేక్ వ్యాన్‌లో, తెల్ల బట్టలు వేసుకుని రాత్రీ పగలూ కూర్చోవాలి. నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి చొక్కా కాలరు, చేతులు మడిచిన చోటు, ప్యాంటు అంచులు ఇటుక రంగులో ఉండేవి. దొండపర్తి క్వార్టర్ పెరట్లో ఆ బట్టలకి అమ్మ వేరే బకెట్టు పెట్టింది. మా స్కూలు బట్టలు అందులో వెయ్యనిచ్చేది కాదు. మొదటి నీళ్ళు ఎర్రగా, రెండో నీళ్ళు గులాబీ రంగులో, మూడోసారికి కాస్త తేటగా వచ్చేవి. మరక మొండిదైతే నిమ్మచెక్క మీద ఉప్పు అద్ది రుద్ది, ఎండలో పెట్టేది. ఆఖరున గంజి, నీలిమందు. మర్నాడు మళ్ళీ అవే బట్టలు, అదే ఎరుపు.

చెన్నై నుంచి సింగపూర్ మీదుగా ఫుకుఒకా దిగాను. ఎయిర్‌పోర్టు నుంచి సబ్‌వేలో రెండో స్టేషనే హకతా. అక్కడ షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైలు ఎక్కితే పావుగంటలో కోకురా. కూర్చుని బ్యాగు సర్దుకునేలోపే దిగమన్నారు. కోకురా స్టేషన్ బయటికొచ్చి తలెత్తితే మోనోరైలు ఒకటి ఆ స్టేషన్ బిల్డింగు మధ్యలోంచే బయటికొస్తోంది. నాన్నకి చూపించాలని మొదటి ఫొటో దానికే తీశాను.

కితాక్యూషూ నిజానికి ఒక్క ఊరు కాదు. మోజి, కోకురా, తొబాతా, యహాతా, వకామత్సు అనే ఐదు ఊళ్ళని 1963లో కలిపి ఒక్క నగరం చేశారు. ఊరివాళ్ళు ఇప్పటికీ తాము కోకురా వాళ్ళమనో, యహాతా వాళ్ళమనో చెప్పుకుంటారు. నా హోటల్ కోకురాలో, పని కురొసాకిలో. రోజూ ఉదయం లోకల్ ట్రైన్లో అరగంట లోపు ప్రయాణం. ఆ దారిలో స్పేస్ వరల్డ్ అని ఒక స్టేషన్ వచ్చేది. అప్పటికి ఆ పేరుగల థీమ్ పార్కు నడుస్తూనే ఉంది, 2017 ఆఖర్న మూతపడింది. కిటికీలోంచి చూస్తే రోలర్ కోస్టర్, నిలువెత్తు స్పేస్ షటిల్ నమూనా, వాటికి కాస్త ఇవతల తుప్పు రంగులో ఒక బ్లాస్ట్ ఫర్నేస్. దాని మీద పెద్ద అంకెలతో 1901 అని రాసిన పలక.

యహాతా ఉక్కు కర్మాగారం మొదటి కొలిమి వెలిగింది ఆ ఏడాదే. జపాన్ ప్రభుత్వమే కట్టించిన కర్మాగారం అది. దగ్గర్లో చికుహో బొగ్గు గనులున్నాయి, ఖనిజం చైనా నుంచి తెచ్చుకోవచ్చు, అందుకని ఒక చిన్న పల్లెని పట్టుకుని దేశం మొత్తానికి ఉక్కు పోసే ఊరుగా మార్చారు. ఇప్పుడు కనిపించేది 1901 నాటి ఫర్నేస్ కాదు. అదే చోట మళ్ళీ మళ్ళీ కట్టగా పదో తరానిది, 1962లో కట్టింది. 1972లో ఆపేశారు. పగలగొట్టాలనుకుంటే ఊరివాళ్ళు ఉంచమన్నారట. నేను వెళ్ళిన ఆ జులైలోనే 1899 నాటి వాళ్ళ మొదటి ఆఫీసు భవనానికి యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. ఎర్రిటుకల రెండంతస్తుల భవనం. అది నడుస్తున్న ఫ్యాక్టరీ ఆవరణలో ఉంది కాబట్టి బయట కట్టిన వేదిక మీంచి చూడాల్సిందే. ఆదివారం పూట వెళ్తే పిల్లలతో, తాతలతో జనం బారులు తీరి ఉన్నారు. తాతలే ఎక్కువ మాట్లాడుతున్నారు.

ఇక పని. మాకు లైను కట్టిస్తున్నది చిన్న కంపెనీయే. అక్కడి సీనియర్ ఇంజినీరు నాకు జోడీ. అరవైకి దగ్గర వయసు, నిదానం మనిషి. ఇంగ్లిష్ కొంచెం వచ్చు, మిగతాది కాగితం మీద బొమ్మ గీసి చెప్పేవారు. పొద్దున్నే రేడియో పాటతో అందరూ వరసగా నిలబడి వ్యాయామం. తర్వాత ఈరోజు చేసే పనిలో ఎక్కడ దెబ్బ తగిలే అవకాశముందో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పాలి. మొదటి రోజు నా వంతు వచ్చినప్పుడు టెన్షన్ పడ్డాను గానీ తర్వాత అలవాటైంది.

నన్ను బాగా కదిలించింది మాత్రం వేరే. రోబో సెల్, అంటే రోబో చుట్టూ కట్టిన కంచె, తలుపు వేసి స్టార్ట్ నొక్కే ముందు ఆయన చెయ్యి చాచి తాళం వైపు వేలు చూపించి, తాళం పడింది అని పైకి అనేవారు. తర్వాత ఎమర్జెన్సీ స్టాప్ వైపు. తర్వాత లోపల మనుషులెవరూ లేరని. చుట్టూ ఎవరున్నా లేకపోయినా, ఎన్నిసార్లు చేసినా, ప్రతిసారీ. జపాన్ రైల్వేలో పుట్టిన పద్ధతి అది. రైలు డ్రైవర్లు సిగ్నల్‌ని వేలితో చూపించి పైకి చెప్పడం నుంచి ఫ్యాక్టరీలకి పాకింది. మన రైళ్ళలోనూ ఇంజన్‌లో ఇద్దరూ సిగ్నల్ రంగు ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకుంటారు. నాన్న స్టేషన్ దాటేటప్పుడు బ్రేక్ వ్యాన్ తలుపులో నిలబడి జెండా చాచి ఆల్రైట్ ఇచ్చే తీరు నాకు కళ్ళకి కట్టినట్టుండేది. ఇంజినీరు గారికా మాట చెప్పాను. మా నాన్న రైల్వే గార్డు అని. ఆయన పని ఆపి, టోపీ తీసి, తలొంచారు. ఆ రోజు నుంచి నన్ను చూసే చూపు మారింది.

పనిలో మాకు ఒక చిక్కు వచ్చింది. ఒక బ్రాకెట్ దగ్గర రోబో వెల్డింగ్ పైకి నున్నగా కనిపిస్తోంది, లోపల రేకులోకి సరిగ్గా దిగడం లేదు. ఆయన రాత్రి పొద్దుపోయేదాకా ఉండి ముక్కలు కోయించేవారు. కోసిన అంచుని గరుకు కాగితం నుంచి నున్నటి కాగితం దాకా వరసగా మార్చి మార్చి రుద్దాలి. అద్దంలా అయ్యాక నైటాల్ అనే ఆసిడ్ ద్రావణం చుక్క వేస్తే, అప్పటిదాకా ఒకటే వెండి రంగులో ఉన్న ఉక్కు మీద వెల్డింగ్ ఆకారం నెమ్మదిగా పైకి తేలుతుంది. కరిగి గడ్డకట్టిన భాగం ఒక రంగు, వేడి తగిలి మారిన అంచు ఇంకో రంగు, తాకని రేకు వేరే రంగు. భూతద్దం నా చేతికిచ్చి మిల్లీమీటరులో ఎన్ని పదో వంతులు లోపలికి దిగిందో నన్నే కొలవమనేవారు. నేను చెప్పిన కొలత ఆయన కొలతతో కలిస్తేనే పుస్తకంలో రాసేది. వెల్డింగ్ టార్చ్ కోణం మార్చి, వేగం తగ్గించి, మళ్ళీ వెల్డ్, మళ్ళీ కోత. చివరికి కుదిరినప్పుడు ఆయన ఏమీ అనలేదు. ఆ ముక్కని నూనె గుడ్డతో తుడిచి నా జేబులో పెట్టారు. ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది. వెల్డింగ్ అంటే ఏమిటో నాకు నిజంగా తెలిసింది ఆ రాత్రుల్లోనే.

ఒక శుక్రవారం పని అయ్యాక ఆయన నన్ను యహాతాలో ఒక సారా కొట్టుకి తీసుకెళ్ళారు. అక్కడ కొట్లోనే సీసా కొనుక్కుని, ఓ మూల బల్ల దగ్గర నిలబడి తాగి వెళ్ళిపోతారు. మూడు షిఫ్టుల ఉక్కు కార్మికుల వల్ల ఈ ఊళ్ళో బాగా పాతుకుపోయిన అలవాటట. రాత్రి డ్యూటీ దిగినవాళ్ళకి పొద్దున్నే తాగడానికి వేరే చోటు ఉండేది కాదు. నేను బార్లీ టీ పట్టుకుని నిలబడ్డాను. పక్కనున్న ముసలాయన ఎక్కణ్ణుంచి అని అడిగాడు. ఇండియా అన్నాను. ఇండియాలో ఎక్కడ? విశాఖపట్నం అన్నాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, మా ఇంజినీరు వైపు తిరిగి ఏదో గబగబా చెప్పాడు. ఆ మాటల మధ్యలో బైలదిల్లా అని వినిపించింది.

నేను అనలేదు ఆ మాట. ఆయనన్నాడు. తొబాతా రేవు దగ్గర ముడిసరుకు యార్డులో చాలా ఏళ్ళు పనిచేశాడట. ఓడల్లోంచి దిగిన ఖనిజం ఏ దేశందో రంగు చూసి చెప్పేవాడట. బ్రెజిల్‌ది, ఆస్ట్రేలియాది, ఇండియాది. బైలదిల్లా ఖనిజం గట్టిది, మంచిది, కొలిమిలో గొడవ పెట్టదని చేత్తో పిడికిలి బిగించి చూపించాడు. మా నాన్న ఆ బళ్ళకి గార్డు అని చెప్పించాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఒక్క మాట కూడా నేరుగా అర్థం కాని మనిషి, నా చిన్నతనమంతా తెలిసిన మనిషిలా అనిపించాడు. నాన్న కొండలు దింపి తెచ్చిన మట్టిని ఇక్కడ దించుకున్నవాళ్ళు ఉంటారని, వాళ్ళు దాని పేరు గుర్తుపెట్టుకుంటారని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ మర్నాడు రాత్రి తొబాతాలో గియాన్ పండగ. పగలు జెండాలతో, కుట్టుపని చేసిన తెరలతో ఉన్న పల్లకీలాంటి యమగాసాని చీకటి పడగానే విప్పేసి, దీపాల మేడగా మార్చేస్తారు. పన్నెండు అంతస్తులు, 309 కాగితపు లాంతర్లు, ప్రతి దాంట్లో నిజమైన కొవ్వొత్తి. పది మీటర్ల ఎత్తు, రెండున్నర టన్నుల బరువు. భుజాల మీద మోస్తూ "యొయితోసా, యొయితోసా" అని అరుస్తూ వీధుల్లో తిప్పుతారు. ఊగినప్పుడు ఒక లాంతరు అంటుకుంటే, మేడ మీదున్న కుర్రాడు చటుక్కున దాన్ని లాగి పారేశాడు. కొత్తది పెట్టడానికి మోసేవాళ్ళు ఆగలేదు. మా సింహాచలం అప్పన్న చందనోత్సవం జనం అలవాటున్న నేను కూడా నోరు తెరుచుకుని చూశాను.

మా ఇంజినీరు వాళ్ళమ్మగారిల్లు ఆ వీధి వెనకే. పండగ అయ్యాక తీసుకెళ్ళారు. ఆవిడకి అప్పటికి ఎనభై ఏళ్ళు. పుచ్చకాయ ముక్కలు పెట్టి ఎదురుగా కూర్చున్నారు. ఏం మాట్లాడాలో తెలియక, మీ ఊరి ఆకాశం చాలా బాగుంది, ఉక్కు ఊరంటే పొగ ఉంటుందనుకున్నా అన్నాను. కొడుకు అది చెప్పగానే ఆవిడ నవ్వడం ఆపి, నాకేసి జరిగి కూర్చున్నారు. తర్వాత దాదాపు గంటసేపు మాట్లాడింది ఆవిడే.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పుడు పొద్దున ఆరేసిన బట్ట మధ్యాహ్నానికి నల్లబడేదట. కిటికీలు తెరిస్తే అన్నంలో నుసి. అప్పట్లో ఆ రంగురంగుల పొగ ఊరికి గొప్ప, సంపదకి గుర్తు. యహాతాలో షిరోయామా అనే చోట 1965లో నెలకి చదరపు కిలోమీటరుకి సగటున 80 టన్నుల దుమ్ము పడేది. పక్కనున్న దోకాయ్ అఖాతంలో ఆక్సిజన్ సున్నాకి పడిపోయింది. చేపల సంగతి అలా ఉంచి, ఓడల ప్రొపెల్లర్లు ఆ నీళ్ళకి తినేసుకుపోయేవి. తొబాతా ఆడవాళ్ళు మహిళా సంఘాలుగా కూడి మొదట చేసింది చాలా చిన్న పని. తెల్ల గుడ్డలు, తెల్ల చొక్కాలు వేర్వేరు చోట్ల ఆరేసి, ఎక్కడిది ఎంత నల్లబడిందో పోల్చి రాసుకోవడం. తర్వాత యూనివర్సిటీ ప్రొఫెసర్లని పిలిచి కొలవడం నేర్చుకున్నారు. 1965లో తామే 8 మిల్లీమీటర్ల కెమెరాతో సినిమా తీసి నీలాకాశం కావాలని ఊరంతా చూపించారు. అందులో కష్టం ఏమిటంటే, ఆ పొగ వదిలే ఫ్యాక్టరీల్లోనే వాళ్ళ భర్తల ఉద్యోగాలు. ఊరుకోమని ఇంట్లో ఒత్తిడి. ఆవిడ భర్త కూడా అక్కడే పనిచేసేవాడట. వాళ్ళాయన్ని తప్పుపట్టలేదు, చొక్కా ఆరెయ్యడం మాననూ లేదు అని చెప్పారు.

తర్వాతి కథ ఊరి చరిత్రలో ఉంది. చట్టాలు వచ్చాయి, నగరమూ కంపెనీలూ ఒప్పందాలు చేసుకున్నాయి, చిమ్నీలకి దుమ్ము పట్టే యంత్రాలు పెట్టారు, అఖాతం అడుగున పేరుకున్న విషపు బురదని తవ్వి తీశారు. 1990లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఈ ఊరికి గ్లోబల్ 500 అవార్డు ఇచ్చింది. నేను వంద యెన్‌లకి ఫెర్రీ ఎక్కి తొబాతా నుంచి వకామత్సు దాటాను. మూడు నిమిషాల ప్రయాణం, పైన 1962లో కట్టిన ఎర్రటి వకాతో వంతెన. ఒడ్డున ఒక కుర్రాడు గాలం వేసి కూర్చున్నాడు. బకెట్‌లో చేపలున్నాయి.

ఆవిడకి మా అమ్మ బకెట్టు సంగతి చెప్పాను. తెల్ల యూనిఫాం, ఎర్ర నీళ్ళు. ఆవిడ వెంటనే అడిగిన ప్రశ్న, మీ అమ్మగారు ఆ మరక దేంతో పోగొట్టేవారు అని. నాకు సరిగ్గా తెలియలేదు. రాత్రి తొమ్మిదైంది, మనకి సాయంత్రం ఐదున్నర. అమ్మకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అమ్మ నిమ్మచెక్క, ఉప్పు, ఎండ అని చెప్పింది. నేను ఇంగ్లిష్‌లో, ఆయన జపనీస్‌లో. ఆవిడ తలూపి, తాము బియ్యం కడిగిన నీళ్ళల్లో రాత్రంతా నానేసేవాళ్ళమన్నారు. "కుడితి నీళ్ళా? మా అత్తగారూ అదే చేసేదిరా" అంది అమ్మ. తర్వాత గంజి చిక్కగా పెట్టాలా పల్చగా పెట్టాలా, నీలిమందు ఎప్పుడు వెయ్యాలి. నేనూ ఆయనా మాటలు మోస్తూ అలసిపోయాం గానీ వాళ్ళిద్దరూ అలసిపోలేదు. అమ్మ ఆ బట్టల గురించి అంతసేపు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. అడిగినవాళ్ళు ఇంతకుముందు లేరు. నాతో సహా.

ఆగస్టు 9 ఆదివారం వచ్చింది. ఆ రోజు కోకురా కోట పక్కనున్న కత్సుయామా పార్కుకి రమ్మని ఆయన చెప్పారు. అక్కడ 1945లో సైన్యం ఆయుధాల కర్మాగారం ఉండేది. నాగసాకి మీద పడిన అణుబాంబు ముందు ఉద్దేశించింది దాని మీదకే. విమానం కోకురా మీదకి మూడుసార్లు వచ్చింది. కింద మబ్బో పొగో కమ్మేసి గురి కనిపించలేదు. ముక్కాలు గంటసేపు తిరిగి తిరిగి నాగసాకి వెళ్ళిపోయింది. అంతకు ముందు రోజే యహాతా మీద బాంబులు వేశారు, ఆ మంటల పొగ అని కొందరంటారు. ఉక్కు కర్మాగారంలో తారు కాల్చి కావాలనే పొగ పెట్టామని చెప్పినవాళ్ళూ ఉన్నారు. పార్కులో నాగసాకి వాళ్ళిచ్చిన గంట ఉంది. 11 గంటల 2 నిమిషాలకి దాన్ని మోగించారు. డెబ్భయ్యో ఏడు కాబట్టి జనం ఎక్కువగానే వచ్చారు. వాళ్ళమ్మగారు గొడుగు కింద కూర్చుని ఉన్నారు. 1945లో ఆ రోజుకి ఆవిడకి పదేళ్ళు. వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నారు. మేము తర్వాత ఇరవై ఏళ్ళు తిట్టుకున్న పొగే ఆ రోజు మమ్మల్ని దాచిందేమో, కానీ నాగసాకి వాళ్ళ ముందు ఆ మాట నోటికి రాదు అని. దానికి నేనేం బదులు చెప్పగలను.

మోజి వెళ్ళింది మాత్రం పూర్తిగా నాన్న కోసం. 1914 నాటి మోజికో స్టేషన్ భవనాన్ని మరమ్మతులకని అప్పుడు కప్పేసి ఉంచారు. దగ్గర్లోని రైల్వే మ్యూజియంలో ఆవిరి ఇంజన్లు చూసి, సముద్రం కింద నడిచి అవతలి దీవికి వెళ్ళే 780 మీటర్ల సొరంగంలో నడిచాను. మధ్యలో నేల మీద గీత, ఒక కాలు క్యూషూలో, ఒక కాలు హోన్షూలో. తిరుగు ప్రయాణం షిమొనొసెకి నుంచి రైల్లో, 1942లో తెరిచిన సముద్రగర్భ సొరంగం గుండా. ఇవతలికి వచ్చి మోజి స్టేషన్ దగ్గర పడుతుండగా పెట్టెలో లైట్లు, ఏసీ ఒక్కసారి ఆగిపోయి మళ్ళీ వచ్చాయి. అవతల 1,500 వోల్టుల డీసీ, ఇవతల 20,000 వోల్టుల ఏసీ. మధ్యలో కరెంటు లేని ముక్కలో బండి తన ఊపు మీదే జారి వస్తుంది. తోటి ప్రయాణికులెవరూ ఫోన్ల నుంచి తలెత్తలేదు.

తిండికి ఇబ్బంది పడతావని అందరూ భయపెట్టారు గానీ తంగా మార్కెట్ ఉండగా నాకు ఏ లోటూ రాలేదు. కాంతాకె నది పక్కనే, కొంత నది మీదకే కట్టిన పాత బజారు. ఇరుకు సందు, తలమీద రేకులు, రెండు పక్కలా చేపలు. అక్కడ కానాగంతల్నీ కవళ్ళనీ తవుడు ఊరగాయలో ఉడికిస్తారు. తరతరాలుగా ఇంట్లో పులిసిన తవుడట, అత్త కోడలికి అప్పగిస్తుందట. పులుపు, ఉప్పు, కాస్త చేదు, వేడన్నంలో అద్భుతంగా ఉండేది. యూనివర్సిటీ పిల్లలు నడిపే ఒక చోట గిన్నెడు అన్నం కొనుక్కుని, మార్కెట్ అంతా తిరుగుతూ ఒక్కో కొట్లో ఒక్కో ముక్క ఆ అన్నం మీద వేయించుకుని తినే వీలుండేది. నేను గిన్నె పట్టుకుని రాగానే చేపల కొట్టావిడ ఏం కావాలని అడగడం మానేసింది, కానాగంత తలకాయ వైపు ముక్క వేసేసేది.

ఇంటికొచ్చాక నాన్న ఫొటోలన్నీ చూశారు. షింకాన్‌సెన్ దగ్గర ఆగలేదు. మోజి లైట్లు ఆరిన సంగతి మాత్రం మూడుసార్లు చెప్పించుకున్నారు. "పాంటోగ్రాఫ్ దింపుతాడా మరి?" పైతీగ నుంచి కరెంటు అందుకునే చట్రం సంగతి. లేదు నాన్నా, ఊపు మీద జారుతుండగానే స్విచ్ మారుస్తాడట. "మన న్యూట్రల్ సెక్షన్ లాగేనన్నమాట." సారా కొట్లో ముసలాయన సంగతి చెప్పినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బైలదిల్లా పేరు ఆయనకి గుర్తుందేట్రా?" అని, శిమిలిగూడ ఘాట్‌లో వాన రాత్రి బ్రేకులు చూసుకుంటూ బండి దింపిన కథ ఒకటి చెప్పారు. అది నాకెప్పుడూ చెప్పని కథ.

2022లో తంగా మార్కెట్ రెండుసార్లు తగలబడింది, ఏప్రిల్‌లో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి. నేను గిన్నెలో అన్నం కొనుక్కున్న చోటు పోయింది. పక్కనున్న షోవాకాన్ అనే పాత సినిమా హాలూ కాలిపోయింది. వార్త చూసి ఆ రాత్రి నిద్రపట్టక ఇంజినీరు గారికి మెయిల్ పెట్టాను. సినిమా హాలు కోసం ఊరంతా చందాలిస్తున్నారని రాశారు. 2023 డిసెంబరులో అది మళ్ళీ తెరుచుకుంది, ఫొటో పంపించారు. వాళ్ళమ్మగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు అందులో.

ఈసారి నాన్ననీ అమ్మనీ తీసుకెళ్తున్నాను. పాస్‌పోర్టులు వచ్చాయి. ఆగస్టు ఉక్కకి కాకుండా నవంబరుకి అనుకున్నాం. హకతా నుంచి కోకురాకి షింకాన్‌సెన్ వద్దని నాన్న ముందే చెప్పేశారు, "పావుగంటలో ఏం కనపడుద్దిరా, మామూలు బండి ఎక్కించు" అని. అమ్మ పొందూరు ఖద్దరు తెల్ల బట్ట ఒక తాను తెప్పించింది, ఆ పెద్దావిడకి ఏదైనా కుట్టించి తీసుకెళ్దామని. కొలతలు అడిగి మెయిల్ పెట్టాను. కొలతలు అక్కర్లేదు, బట్ట తెస్తే చాలు, తనే కుట్టుకుంటానందట ఆవిడ.